గుణమను శబ్దము



భోజనమునకు కూర్చున్న యజమాని సైంధవము తెమ్మన్నచో పరిచారకుడు ఉప్పు తెచ్చును. ఆ యజమానియే ప్రయాణమునకు సిద్ధపడి వాకిట నిలిచి సైంధవము తెమ్మన్నచో గుఱ్ఱమును తెచ్చును. సింధుదేశమున పుట్టినవి గనుక ఆ రెంటికిని ఆ పేరు వచ్చినది. నానార్థములు గల పదమునకు ఒకచోట ఒక అర్థమే యెట్లు నిశ్చితమగునో చెప్పవలసి వచ్చినప్పుడు మన శాస్త్రకారులు ఈ ఉదాహరణమును తఱచుగా చూపుదురు. భర్తృహరి వాక్యపదీయము రెండవ కాండమున, సంసర్గము, సాహచర్యము, ప్రకరణము, ఔచిత్యము, దేశము, కాలము మొదలగు హేతువులను పేర్కొని, వీని సాయమున వినువాని బుద్ధి అనేకార్థములలో ఒకదానిపై నిలుచునని వివరించినాడు. ఐనను సైంధవము వంటి పదములు చిక్కు పెట్టునవి కావు. ఉప్పునకును గుఱ్ఱమునకును నడుమ కలుగు పొరపాటు ఒక క్షణము మించి నిలువదు. నేను నేడు మీ యెదుట ఉంచదలచిన శబ్దము అట్టిది కాదు. దానిని పదిశాస్త్రములు తమతమ పరిభాషగా చేసికొని, ఒక్కొక్కటియు కట్టుదిట్టమైన లక్షణము చెప్పి, ఒకదాని లక్షణము మఱియొకదానికి నేరుగా విరుద్ధమగునంతవఱకు పోయినవి. ఆ శబ్దము గుణము.

గుణమనగానే మన మనస్సునకు మంచితనము స్ఫురించును. గుణవంతుడు, సుగుణవతి, గుణహీనుడు అను మాటలు ఇంటింట వినబడునవే. ఈ లోకవ్యవహారమును వెంటబెట్టుకొని శాస్త్రమున ప్రవేశించినవాడు అడుగడుగున చిక్కుపడును. సాంఖ్యమున తమోగుణమును చూచి చెడ్డబుద్ధి యనుకొనును. కౌటిల్యుని అర్థశాస్త్రము తెఱచి, శత్రువుపై విగ్రహము పూనుట రాజునకు చెప్పిన గుణములలో నొకటిగా లెక్కింపబడుట కని, ఇది యేమి నీతియని విస్తుపోవును. తర్కము చదివి, ధర్మముతో పాటు అధర్మమును గుణములలో చేరియుండుట చూచి పుస్తకమున తప్పు పడినదని తలచును. ఇట్టి పొరపాట్లు విద్యార్థులకే కాదు, బహుగ్రంథములు చదివినవారికిని కలుగుచున్నవి. మన పూర్వులు శబ్దమును ఎంత జాగ్రత్తతో వాడిరో తెలిసికొనక, వారి వాక్యములకు మన అర్థములు అంటగట్టి, పిమ్మట వారిని పొగడుటయు తెగడుటయు న్యాయము కాదని నా దృఢమైన నమ్మకము.

నిఘంటువులు గుణశబ్దమునకు చెప్పు అర్థములలో కంటికి కనబడునది, చేతికి అందునది ఒక్కటే కలదు. అది దారము, లేక త్రాటియందలి పురి. వింటినారికి గుణమను పేరు దానినుండియే వచ్చినది. కవులకు దారము, మంచితనము అను ఈ రెండర్థముల కలయిక పెన్నిధి యైనది. గుణమును విడిచిన బాణము పరుల గుండె చీల్చునని చెప్పి దుర్జనునిని, గుణముతో కూడిన ముత్యాలసరము హృదయమున నిలుచునని చెప్పి సజ్జనునిని, ఒక్కమాటతో చూపిన శ్లేషలు సంస్కృతమునను తెలుగునను కొల్లలుగా నున్నవి. పింగళి సూరన రాఘవపాండవీయమునను, రామరాజభూషణుడు హరిశ్చంద్రనలోపాఖ్యానమునను ఒక్కొక్క పద్యమునందే రెండేసి కథలు నడపిన భాష మనది. ఇట్టి శబ్దములకు ఇచట ఎంత ఆదరము కలదో వేఱుగా చెప్పనక్కఱలేదు. కాని కవికి అలంకారమైనదే శాస్త్రకారునకు ప్రమాదమగును. కవి రెండర్థములను కలిపి మెప్పించును. శాస్త్రకారుడు వానిని విడదీసిన గాని ఒక్క యడుగు ముందునకు వేయజాలడు.

ఈ విడదీయు పనిని క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దివాడని పలువురు చరిత్రకారులు తలచు పతంజలి మహాభాష్యమున చేసి చూపినాడు. గుణశబ్దమునకు పెక్కు అర్థములు కలవని చెప్పి, ఆతడు లోకమునుండియే ఉదాహరణములు తీసినాడు. రెండు పురుల త్రాడు ద్విగుణము, మూడు పురులది త్రిగుణము. ఇచట గుణమనగా సమానమైన భాగము. ఆవులును పైరులును సమృద్ధిగా గల దేశమును గుణవంత మందురు. ఇచట గుణమనగా వస్తుసంపద. ఒక పనిలో ముఖ్యత లేనివాడు, మేమిచట గుణభూతులమే యని చెప్పుకొనును. ఇచట గుణమనగా అప్రధానము. సదాచారము గలవాడు గుణవంతుడు. చక్కగా సంస్కరించి వండిన యన్నమును గుణవంతమే. ఈ యర్థములలో అప్రధానమనునది నేటి తెలుగువాడు బొత్తిగా మఱచినది. నన్నడిగినచో, శాస్త్రములన్నింటి గుణములకును అదియే మూలము. తనకై తాను నిలువక, వేఱొకదానిని ఆశ్రయించి, దాని ప్రయోజనమునకై ఉండునది గుణము. విల్లు లేని నారికి పని లేదు. ముత్యములు లేని దారము హారము కాదు. ఈ యొక్క భావమును పట్టుకొన్నచో, పైకి ఒకదానితో నొకటి పొసగని పెక్కు పరిభాషలు లోపల చుట్టములని తెలియును.

లెక్కల సంగతి మొదట ముగింతము. ద్విగుణము, త్రిగుణము, శతగుణము అను మాటలు పతంజలి చూపిన త్రాటినుండియే పుట్టినవి. దారమును ఒకమాఱు మడచిన రెండు పురులగును. ఆ మడతల లెక్కయే గుణించుట యైనది. 12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో హెచ్చింపబడు సంఖ్య గుణ్యము, హెచ్చించు సంఖ్య గుణకము. అంతకు ముందే, 11వ శతాబ్దమున, పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. మన బడిపిల్లలు క.సా.గు. అని పొడియక్షరములతో వల్లించు కనిష్ఠసామాన్యగుణిజమునందును, పెద్ద తరగతుల గుణశ్రేఢియందును ఉన్న గుణము ఇదియే. కాని గణితజ్ఞుడే జ్యోతిషమునకు పోయి సంఖ్యలను వస్తువుల పేళ్లతో చెప్పబూనినప్పుడు గుణమనగా హెచ్చవేత కాదు, మూడు అను అంకె. సత్త్వరజస్తమస్సులు మూడు గనుక ఆ సంకేత మేర్పడినది. శాసనములు వ్రాసిన కవులును శకవర్షములను ఈ సంకేతములతోనే ఛందస్సున ఇమిడ్చిరి. ఆ పద్ధతిలో అంకెలు ఎడమవైపునకు నడచును గనుక, మొదట బాణములు, పిమ్మట గుణములు అన్నచో ముప్పదియైదు అని చదువుకొనవలెను.

ఈ గణితము తెలుగువాని అక్షరాభ్యాసములో కూడ చొచ్చుకొని వచ్చినది. మనము గుణింత మనుదానిని కన్నడిగులు కాగుణిత మందురు. గుణిత మనగా గుణింపబడినది. ఒక్క కకారమును అచ్చులతో గుణింపగా క, కా, కి, కీ అని ఒక వరుస యేర్పడును. ఈ పేరు పెట్టినవారి సూక్ష్మదృష్టికి నేను ఎన్నిసార్లో ఆశ్చర్యపడితిని. ఉచ్చారణమున హల్లు తనంత తాను నిలువలేక అచ్చును ఆశ్రయించును. వ్రాతలోనో, ఆ అచ్చే తలకట్టుగా, గుడిగా, కొమ్ముగా, ఏత్వముగా మాఱి హల్లును ఆశ్రయించును. నోటికి ప్రధానమైనది చేతికి అప్రధానమగును. ఏది గుణము, ఏది ఆశ్రయము అను ప్రశ్నకు ఒకే అక్షరమున చెవి యొక సమాధానమును, కన్ను మఱియొక సమాధానమును చెప్పుచున్నవి.

వ్యాకరణమున గుణము వేఱు. పాణిని అష్టాధ్యాయి మొదటి సూత్రమున వృద్ధిని చెప్పి, రెండవ సూత్రమున అ, ఏ, ఓ అను వర్ణములకు గుణమని పేరు పెట్టినాడు. దేవేంద్రుడు, సూర్యోదయము, మహర్షి అను ఉదాహరణములతో మన పిల్లలు నేర్చు గుణసంధి ఇదియే. ఇది సంజ్ఞ; శాస్త్రము నడచుటకు పెట్టిన పేరు. ఇందు మంచితనమును వెదకుట ఎంత వ్యర్థమో, దారమును వెదకుటయు అంతే. అందుచేతనే 19వ శతాబ్దమున ఫ్రాంజ్ బాప్ మొదలగు జర్మను పండితులు సంస్కృతమును గ్రీకు, లాటిను భాషలతో పోల్చి తౌలనిక వ్యాకరణము నిర్మించునప్పుడు గుణ, వృద్ధి శబ్దములను అనువదింపక యథాతథముగా తమ గ్రంథములలోనికి తీసికొనిరి.

ఇక దర్శనములకు వత్తము. విషయము గహనమగునదియు, రసవంతమగునదియు ఇచటనే. వైశేషిక దర్శనకర్త యగు కణాదుడు ప్రపంచమందలి పదార్థములను విభజించుచు ద్రవ్యమును వేఱుగను, గుణమును వేఱుగను, కర్మమును వేఱుగను నిలిపినాడు. ఆతని మతమున గుణమనగా ద్రవ్యమును ఆశ్రయించి యుండునది, తనయందు మఱియొక గుణము లేనిది. కణాదుడు పదునేడు గుణములను పేర్కొనగా, ప్రశస్తపాదుడు ఏడింటిని చేర్చి వానిని 24 చేసెను. తెలుగువాడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు, బాలురకు సుఖముగా బోధపడవలెనని రచించిన తర్కసంగ్రహమున ఈ ఇరువదినాల్గింటికిని చిన్న చిన్న వాక్యములతో లక్షణములు చెప్పినాడు. రూపము, రసము, గంధము, స్పర్శము గుణములనగా మనకు వింత తోపదు. సంఖ్యయు గుణమే యనగా కొంత తడవు ఆగి ఆలోచింపవలెను. బుద్ధి, సుఖము, దుఃఖము, ఇచ్ఛ, ద్వేషము, ప్రయత్నము ఆత్మను ఆశ్రయించిన గుణములు, ధర్మాధర్మములును అట్టివే. ఇది ప్రశంస కాదు, నింద కాదు. ఏది దేనిని ఆశ్రయించి యున్నదను విచారణ మాత్రమే.

శబ్దము ఆకాశముయొక్క గుణము. ఆకాశవాణి యను పేరు వినుటకు అలవాటుపడిన మన చెవులకు ఈ మాట ఇంపుగనే యుండును. కాని తార్కికుని ఆకాశము మేఘములు తిరుగాడు నీలిమ కాదు. శబ్దమనునది గుణము, గుణము ఆశ్రయము లేక నిలువదు, భూమి జలము మొదలగు తక్కిన ద్రవ్యము లేవియు దానికి ఆశ్రయములు కానేరవు. కావున దానికై వేఱొక ద్రవ్యమును, సర్వవ్యాపకమును, నిత్యమును అగుదానిని ఒప్పుకొనవలెనని వాదించి ఆతడు ఆకాశమును సాధించినాడు. ధ్వని గాలియందలి కంపనమని నేటి భౌతికశాస్త్రము నిరూపించినది గనుక ఆ సిద్ధాంతమును మనము అంగీకరింపము. ఐనను గుణమునుబట్టి ద్రవ్యమును ఊహించు ఆ తర్కపు నడక ఎంత శుద్ధమైనదో చూడుడు. గురుత్వమనునది ఈ ఇరువదినాల్గింటిలోనే చేరినది. వస్తువు మొట్టమొదట క్రిందికి పడుటకు హేతువగు గుణమని దానికి లక్షణము. న్యూటను సిద్ధాంతమును తెలుగున చెప్పవలసినప్పుడు మనము గురుత్వాకర్షణ మనుచున్నాము. ఆ మాటలోని పూర్వభాగము వైశేషికుల ఇంటనుండి వచ్చినది.

ఇపుడు సాంఖ్యుని యింటికి పోయి చూతము. ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలలో సత్త్వము లఘువనియు ప్రకాశకమనియు, రజస్సు చలించునదనియు చలింపజేయునదనియు, తమస్సు గురువనియు కప్పునదనియు చెప్పినాడు. వైశేషికుడు దీనిని వినినచో వెంటనే అడ్డు తగులును: గుణమునకు గుణముండదని గదా మా సిద్ధాంతము, తమస్సు గుణమైనచో దానికి గురుత్వమను గుణ మెట్లు కలుగును? ఈ ప్రశ్న న్యాయమైనదే, కాని సాంఖ్యునికి తగులదు. ఆతని గుణములు ప్రకృతి నాశ్రయించిన ధర్మములు కావు. ఆ మూడును కలిసినదే ప్రకృతి. ప్రపంచమంతయు వానితో పేనబడినది. 16వ శతాబ్దివాడైన విజ్ఞానభిక్షువు, ఇవి నిజమునకు ద్రవ్యములే, పురుషుని పశువును కట్టినట్లు కట్టివేయు త్రాళ్లు గనుక వీనికి గుణములని పేరు వచ్చినదని స్పష్టముగా చెప్పినాడు. ఆతనికి ఎన్నో శతాబ్దములు ముందే వాచస్పతిమిశ్రుడు తత్త్వకౌముదిలో మఱియొక కారణము చెప్పియున్నాడు: ఇవి తమకొఱకు గాక పరునికొఱకు, అనగా పురుషునికొఱకు ఉన్నవి గనుక గుణములు. నాకు ఈ రెండవ సమాధానమే ఎక్కువ లోతైనదిగా తోచును. పతంజలి చెప్పిన అప్రధానత్వమే ఇచట మరల మనకు ఎదురుపడుచున్నది. ఒకడు గుణమును ద్రవ్యము కాదనుచున్నాడు. ఇంకొకడు గుణమే ద్రవ్యమనుచున్నాడు. ఇద్దఱును పరాశ్రయమనియో పరార్థమనియో దానిని రెండవ స్థానముననే నిలుపుచున్నారు. తమోగుణమును దుర్గుణముగా మాత్రమే తలచువాడు ఈ చర్చయొక్క గుమ్మము కూడ తొక్కజాలడు. రాతికి నిలుకడ నిచ్చునది, కంటికి నిద్ర నిచ్చునది ఆ తమస్సే.

ఈ భేదము ఆత్మవిచారమున ఇంకను తీవ్రమగును. తార్కికుని ఆత్మకు జ్ఞానసుఖాదులు గుణములు. సాంఖ్యుని పురుషుడు గుణముల అంటు లేనివాడు. శంకరభగవత్పాదుల సిద్ధాంతమున పరబ్రహ్మము నిర్గుణము. అది యేదో ఒక ద్రవ్యమై, దానియందు ధర్మములు వచ్చి అతుకుకొనుట అను మాటయే అచట పొసగదు. రామానుజాచార్యులు ఆ నిర్గుణవాక్యములను వేఱువిధముగా వ్యాఖ్యానించి, వానికి హేయములగు గుణములు లేవని మాత్రమే తాత్పర్యమనియు, భగవంతుడు అనంతకల్యాణగుణాకరుడనియు స్థాపించిరి. లోకమున ఒకనిని గుణము లేనివాడనుట నింద. వేదాంతమున అదే మాట వాక్కు చేరగల పరమావధి. ఒక్క ఉపసర్గపూర్వకమైన పదమునకు అర్థము చెప్పుటయందు రెండు మహాసంప్రదాయములు శతాబ్దములపాటు వాదించుకొన్నవన్నచో, అది మాటల తగవు కాదు. భగవంతునితో మానవునికి గల సంబంధమును గూర్చిన తగవు. భగవద్గీత మూడవ అధ్యాయమున, గుణములు గుణములయందే వర్తించుచున్నవని తెలిసినవాడు తగులుకొనడని ఒక భావము కలదు. అచట శంకరులు మొదటి గుణములను ఇంద్రియములనియు, రెండవ గుణములను విషయములనియు వివరించిరి. ఒకే వాక్యమున పక్కపక్కన నిలిచి కూడ ఈ శబ్దము రెండు వస్తువులను చూపగలదు.

పాంచరాత్రాగమమున భగవంతునకు గుణములు ఆఱు: జ్ఞానము, శక్తి, బలము, ఐశ్వర్యము, వీర్యము, తేజస్సు. వీనికి షాడ్గుణ్యమని పేరు. అదే పేరు అర్థశాస్త్రము ఏడవ యధికరణమున రాజునకు సంబంధించి వినబడును. కాని అచటి యాఱు సంధి, విగ్రహము, ఆసనము, యానము, సంశ్రయము, ద్వైధీభావము. పొరుగురాజుతో ఒడంబడుట, పోరుట, కదలక యుండుట, దండెత్తుట, బలవంతుని ఆశ్రయించుట, ఒకనితో సంధి చేసికొని మఱియొకనితో పోరుట అని వీనికి అర్థము. సంధివిగ్రహములు రెండే చాలునన్న వాతవ్యాధి మతమును పేర్కొని, ఆఱును ఉండవలసినదేయని కౌటిల్యుడు నిర్ణయించినాడు. ఇవి శీలములు కావు, ఉపాయములు. రాజ్యముయొక్క వృద్ధికి లోబడియుండు సాధనములు. ఇచట ఒక చమత్కారము గలదు. వ్యాకరణమున సంధి అనుదాని ప్రభేదములలో గుణసంధి యొకటి. రాజనీతిలో గుణము లనువానిలో సంధి యొకటి. ఏది పెద్ద యిల్లు, ఏది అందలి గది అనునది శాస్త్రము మాఱిన మాత్రమున తలక్రిందులైనది.

మీమాంసకుని దగ్గఱకు వచ్చునప్పటికి, అప్రధానమను అర్థము దాపరికము లేక బయటపడును. వేదమున అగ్నిహోత్రహోమము చేయవలెనని ఒక విధి కలదు. పెరుగుతో హోమము చేయవలెనని మఱియొక విధి కలదు. మొదటిది కర్మను విధించినది. రెండవది క్రొత్త కర్మను విధింపలేదు, ఆ కర్మకే సాధనమును చూపినది. కావున దానిని గుణవిధి యందురు. ఆ పెరుగు హోమమునకు గుణము! పెరుగు ద్రవ్యమని తార్కికుడు ప్రమాణము చేసి చెప్పును. ద్రవ్యము గుణము కానేరదనియు చెప్పును. మీమాంసకుడు దానిని కాదనడు. ఆతని ప్రశ్న వస్తువు ఏమిటి యని కాదు, ఈ పనిలో దాని స్థానమేమిటి యని. కర్మ ప్రధానము, పెరుగు దానికి అంగము, అంగమైనది గుణము. గౌణమను మాట ఇట్లే వచ్చినది. బాలుని సింహమనునప్పుడు సింహశబ్దము ముఖ్యార్థమును విడిచి, శౌర్యమను గుణముద్వారమున బాలుని చెప్పుచున్నది గనుక అది గౌణప్రయోగము. నేటి పత్రికాభాషలో గౌణమనగా తక్కువదని మాత్రమే తెలియుచున్నది. ఆ మాట వెనుక ఇంత శాస్త్రమున్నదని మనము మఱవరాదు.

కావ్యవిమర్శకులు గుణములను లెక్కించుటలో ఎన్నడును ఏకీభవింపలేదు. భరతుడు పది యనెను, దండియు పది యనెను. వామనుడు శబ్దమునకు పది, అర్థమునకు పది యని రెట్టించెను. భోజుడు 24 వఱకు పెంచెను. ఓరుగల్లున కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయమున భోజుని మార్గమునే అనుసరించెను. ఆనందవర్ధనుడును, ఆతని త్రోవనే నడచిన మమ్మటుడును ఈ పెంపకమును ఆపి, మాధుర్యము, ఓజస్సు, ప్రసాదము అను మూడింటినే నిలిపిరి. సంఖ్య తగ్గుట ముఖ్యము కాదు. ఆశ్రయము మాఱుట ముఖ్యము. పూర్వులకు గుణములు పదముల కూర్పునందున్నవి. మమ్మటునకు, శౌర్యము దేహముది కాక ఆత్మది యైనట్లే, మాధుర్యాదులు అక్షరములవి కావు, రసముయొక్క ధర్మములు. ఈ యొక్క మార్పుచేత కవిత్వవిచారము చెవినుండి హృదయమునకు కదలినది. పరుషాక్షరములు పేర్చినంత మాత్రమున ఓజస్సు రాదనియు, వీరరౌద్రములచేత చిత్తము ప్రజ్వలింపకున్నచో ఆ ధ్వని యంతయు శుష్కమనియు చెప్పుటకు మనకు దీనివలన అధికారము కలిగినది. మన ప్రబంధములను బోధించువారు గుణములను వర్ణముల పట్టికగా వల్లింపజేయుట మాని, గుణములకు ఆశ్రయమేది యను మమ్మటుని ప్రశ్ననుండి ఆరంభించిన నెంత బాగుండును!

వైద్యమున గుణములు ఇరువది, పదిజంటలుగా నున్నవి: గురువు లఘువు, శీతము ఉష్ణము, స్నిగ్ధము రూక్షము ఇత్యాదిగా వాగ్భటుని అష్టాంగహృదయమున వానిని చూడవచ్చును. ఇచటి గురుత్వమునకు త్రాసుతో పని లేదు. సమానముగా తూచిన మినుములును పెసలును వైద్యుని దృష్టిలో సమానములు కావు; మినుములు గురువు, పెసలు లఘువు. జఠరాగ్నికి ఏది ఎంత భారమో అదియే ఆయనకు బరువు. వైశేషికుని గురుత్వము, సాంఖ్యుని గురుత్వము, వైద్యుని గురుత్వము మూడును ఒకచోట చేరినచో వానికి ఒకదాని నొకటి పరిచయము చేయవలసి యుండును. ఓషధుల స్వభావములు తెలుపుటకు వస్తుగుణపాఠము, వస్తుగుణదీపిక వంటి పేళ్లతో తెలుగున గ్రంథములు వెలసినవి. గుణపాఠమను ఆ మాటయే ఇపుడు దెబ్బతినినవాడు నేర్చుకొను పాఠమను అర్థమున ప్రచారమున నున్నది. మందు గుణమిచ్చినదని రోగి చెప్పునప్పుడు, ఓషధియందలి గుణమే తన దేహమందలి నెమ్మదిగా మాఱినదని చెప్పుచున్నాడు. వధూవరుల జాతకములు చూచు దైవజ్ఞునికి గుణములు ముప్పదియాఱు. వర్ణమునకు ఒకటి మొదలుకొని నాడికి ఎనిమిది వఱకు ఎనిమిది కూటములకు పంచిన మార్కులవి. అచట గుణమనగా కేవలము లెక్క.

చివరకు నేటి విజ్ఞానశాస్త్రమున మన తెలుగు పుస్తకములు వాడు గుణకమను మాటను గూర్చి చెప్పి విరమింతును. ఘర్షణగుణకము, వ్యాకోచగుణకము, స్థితిస్థాపకగుణకము అని భౌతికశాస్త్రమున పలుతావుల వినవచ్చు ఈ పదమును, ఇది అర్థము కాని సంస్కృతమని తీసివేసి, ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో వ్రాసికొందమని వాదించువారు కలరు. వారితో నేను ఏకీభవింపను. ఒక బల్లపై పెట్టెను ఈడ్చునప్పుడు కలుగు ఘర్షణబలము తెలియవలెనన్నచో, బల్ల పెట్టెను పైకి ఒత్తు బలమును ఒక సంఖ్యచే హెచ్చింతుము. ఆ ఒత్తుబలము నూఱు పాళ్లైనచో, సంఖ్య అర యైనచో, ఘర్షణ ఏబది. హెచ్చించుచున్నది గనుక అది భాస్కరాచార్యుని గుణకము. ఆ సంఖ్య యెక్కడిది? ఒకదాని నొకటి తాకుచున్న ఆ రెండు తలముల స్వభావమునుండి వచ్చినది. చెక్కమీద చెక్కకు ఒకటి, ఇనుముమీద ఇనుమునకు మఱియొకటి. ద్రవ్యమును ఆశ్రయించినది గనుక అది కణాదుని గుణము. ఏ ఒక్క తలమునందును ఒంటరిగా లేక, రెంటి సంబంధముననే తెలియుచున్నది గనుక, వైశేషికులు రెండు వస్తువులయందు ఒకేసారి ఉండునని చెప్పిన సంయోగమను గుణమును కూడ అది తలపునకు తెచ్చును. దారముయొక్క మడతనుండి వచ్చిన యర్థమును, ఆశ్రయమునుండి వచ్చిన యర్థమును వేలయేండ్లు వేఱువేఱు శాస్త్రములలో నడచి, ఈ యొక్క పారిభాషికపదమున కలిసికొన్నవి. పరాయిమాటను వ్రాసికొన్న విద్యార్థికి ఆ సంఖ్య ఒక గుర్తుగా మాత్రమే మిగులును. గుణకమని చదివిన విద్యార్థికి, అది ఏమి చేయునో, ఎచట నుండునో ఆ పేరే చెప్పును.